తొండుపల్లి పోర్టుకు బాధ్యుడు

"ఇకమీదట ఈ ప్రాంతంలో ఏ పౌరుడి మాటా మధ్యలో తెగదు. ఒక్క కాల్ తెగినా నా పదవి తెగినట్టే లెక్క" అని మంత్రిగారు ప్రకటించారు. శంషాబాద్‌లోని విమానాశ్రయ పరిసర గ్రామాల సమన్వయ మండలి కార్యాలయంలో 'తెగని మాట' పథకాన్ని ప్రారంభిస్తూ ఆయన ఈ ముక్క అంటున్నంతలో మైకు రెండుసార్లు తెగింది. పెద్దలు దానిని శుభసూచకంగా గ్రహించి చప్పట్లు కొట్టారు.

పథకంలో చిక్కేమీ లేదు. ప్రతి మంగళవారం పదకొండు గంటలకు పన్నెండు గ్రామాల పంచాయతీ ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు అర్జీదార్లు కూర్చుంటారు. మండలివారి సొంత కాన్ఫరెన్సింగ్ సర్వర్ వారి ముఖాన్నీ గొంతునూ నగరంలోని మంత్రిగారి ఛాంబరుకు చేరవేస్తుంది. మంత్రిగారు ఆసాంతం విని, పని ఏ తారీకుకు పూర్తవుతుందో అక్కడికక్కడే చెబుతారు. ఇంత గొప్ప సౌకర్యం కలిగించాక కాగితం మీద రాసిచ్చే అర్జీలు అనవసరమని మండలి వాటిని తీసుకోవడం మానేసింది.

సర్వర్‌ను చూసుకునేది ఆఫియా. కాంట్రాక్టు ఉద్యోగి, చేరి మూడు నెలలైంది. ఇంజనీరింగ్ చదవడం వల్ల ఆమెకొక బలహీనత అబ్బింది. ఏదైనా చెడిపోతే ఎందుకు చెడిపోయిందో తెలుసుకోవాలనుకుంటుంది. ఆ కార్యాలయంలో ఎవరు చెడగొట్టారో తెలుసుకోవడం వరకే ఆనవాయితీ.

మొదటి మంగళవారం తొండుపల్లి నుంచి రేణుకమ్మ మాట్లాడింది. "సారూ, మా ఇంటి ముంగట కొత్త రోడ్డు ఏసిండ్రు. రోడ్డు ఎత్తయింది..." అన్నది. కాల్ తెగింది. సాయంత్రం వెలువడిన నివేదికలో ఇలా ఉంది: "తొండుపల్లి. రోడ్డు ఎత్తు పెరిగినందుకు హర్షం."

రెండో మంగళవారం ఆమె సమయం వృథా చేయలేదు. క్రితంసారి ఆగిన చోటునుంచే అందుకుంది. "రోడ్డు ఎత్తయింది, ఇల్లు పల్లమైంది. వాన నీళ్లు పోయే కల్వర్టు మూసిండ్రు. నీళ్లన్నీ నా ఇంట్లకే..." కాల్ తెగింది. మూడో మంగళవారం "గోడ నెర్రెలు వాసింది సారూ. ఇంకో పెద్ద వాన వడితె కూలుతది. కల్వర్టు నోటికి అడ్డం ఏమున్నదంటే..." అనేదాకా రాగలిగింది. ఏమున్నదో ఎవరికీ తెలియలేదు.

ఆమె ఆటో ఎక్కి పది నిమిషాల్లో శంషాబాద్ ఆఫీసుకు వచ్చేసింది. వానాకాలం సగం కూడా కాలేదు.

"మీ మిషన్ నా మీద పగ వట్టిందా బిడ్డా?" అని ఆఫియాను అడిగింది. "వారానికి రెండు మాటలు. నా గోడ ఆగుతదా అప్పటిదాంక? ఈడికొచ్చిన గదా, సారుకు నోటితోని చెప్త."

"నోటితోని తీసుకోరంట అమ్మా. మిషన్ల నుంచే చెప్పాలంట."

"మిషన్లకెల్లి నోరు వోతలేదు, నోటితోని చెప్తనంటె మిషనే కావాలంటరు. ఇగ గోడతోనే చెప్పుకుంట!"

వచ్చే మంగళవారం కాల్ తెగకుండా చూస్తానని ఆఫియా మాట ఇచ్చింది. అలా మాట ఇచ్చే అధికారం కాంట్రాక్టు ఉద్యోగులకు లేదన్న సంగతి అప్పటికి ఆమెకు తెలియదు.

మండలి స్పెషల్ ఆఫీసర్ శ్రావణ్‌కుమార్ గారు అప్పటికే ఒక కమిటీని నియమించి ఉన్నారు. ఏ సమస్యనైనా అది ఉన్నచోట కాక, దానికి గౌరవం దక్కే చోట వెతకడం ఆయన ప్రత్యేకత. కమిటీ కూర్చున్న కాసేపటికి కప్పు మీదుగా ఒక విమానం వెళ్లింది. అందరూ తలలెత్తి చూశారు. కారణం దొరికిపోయింది.

"కాల్ తెగినప్పుడు పైన విమానం ఉందా, లేదా?" అని శ్రావణ్‌కుమార్ గారు అడిగారు.

"ఉంది సార్" అన్నది ఆఫియా. "తెగనప్పుడు గూడ ఉన్నది. శంషాబాద్‌ల పైన విమానం ఎప్పుడుండదు సార్?"

"వ్యాఖ్యానం వద్దమ్మా. ఉందా, లేదా?"

"ఉంది సార్."

"సాంకేతిక నిపుణురాలు ధ్రువీకరించారు" అని మినిట్స్‌లో రాసుకున్నారు. మంగళవారాల్లో పదకొండు నుంచి పన్నెండు దాకా విమానాలు తొండుపల్లి మీదుగా కాక కందుకూరు మీదుగా వెళ్లాలని కోరుతూ ముసాయిదా లేఖ తయారైంది. విమానాలు ఏ సెక్షన్ కిందికి వస్తాయో తేలకపోవడంతో అది బల్లమీదే ఉండిపోయింది. లేకుంటే దేశ విమానయాన చరిత్ర మరోలా ఉండేది.

ఆఫియా మాత్రం సర్వర్ తనంతట తాను రాసుకునే లాగ్ ముందు కూర్చుని, కాల్స్ తెగిన వేళలను ఒక కాగితం మీద రాసుకుంది. తొండుపల్లి మూడుసార్లు తెగింది. పదకొండు నాలుగుకు, పదకొండు ఆరుకు, మళ్లీ పదకొండు నాలుగుకు. ప్రతిసారీ ఏడెనిమిది నిమిషాల తర్వాత దారి దానంతటదే బాగైంది. తక్కిన ఊళ్లు తెగిన వేళలు వేరు. యంత్రం చెడితే ఇంత క్రమంగా చెడదు. ఇంత క్రమం మనుషుల్లోనే ఉంటుంది, అదీ టీ తాగే మనుషుల్లో.

సర్వర్ ముందు ఫైర్‌వాల్ అనే కాపలా గోడ ఒకటుంది. ఊరి గొంతూ బొమ్మా లోపలికి రావాలంటే ఆ గోడలో ఆ ఊరికి ఒక పోర్టు, అంటే ఒక చిన్న వాకిలి, తెరిచి ఉండాలి. ఆ గోడ తాళాలు ఆఫియా దగ్గర లేవు. కారిడార్ చివరి గదిలో సీనియర్ అసిస్టెంట్ మక్సూద్ దగ్గర ఉన్నాయి. ఆమె కాగితం పట్టుకుని అక్కడికి వెళ్లింది.

"చాచా, మంగళవారం పదకొండు నాలుగుకు తొండుపల్లి పోర్టు ఎవరన్న మూసిండ్రా?"

"ఎవరన్న ఏంది బేటీ? నేనే మూసిన" అన్నాడు మక్సూద్, దాచవలసింది ఏమీ లేనట్టు. అరలోంచి అట్ట వేసిన రిజిస్టరు తీశాడు. "ఇగ జూడు. పదకొండు నాలుగు, బుచ్చయ్య సాబ్ బాహర్. దస్తఖత్. పదకొండు పన్నెండు, వాపస్. దస్తఖత్. ఒక్క నిమిషం గుడ ఫరక్ రాదు నా దగ్గర."

"బాహర్ అంటే ఏడికి వోయిండు?"

"షుగర్ ఉంది బేటీ ఆయనకు. ఏడికి వోతడు?"

విషయం ఇది. నిరుడు శ్రావణ్‌కుమార్ గారు భద్రతమీద ఒక సర్క్యులర్ ఇచ్చారు. తెరిచి ఉన్న ప్రతి పోర్టుకూ ఒక బాధ్యుడైన ఉద్యోగి ఉండవలెను. బాధ్యుడు సీటు వదిలినప్పుడు పోర్టు మూయించి సంతకం చేయవలెను. తిరిగి వచ్చి తెరిపించి మళ్లీ సంతకం చేయవలెను. తొండుపల్లి పోర్టు బుచ్చయ్య గారి పేరున ఉంది. పదకొండుకు టీ వస్తుంది. పదకొండు దాటిన నాలుగు నుంచి ఆరు నిమిషాలకు దాని ఫలితం వస్తుంది. ఆ విధంగా ఒక గ్రామం గొంతు ఒక ఉద్యోగి మూత్రాశయం మీద ఆధారపడి ఉంది. ఇంతకంటే సన్నిహితమైన పరిపాలనను ఊహించలేం.

"టీ ఒక్క మంగళవారం ఆపరాదె అన్నా?" అని ఆఫియా బుచ్చయ్యను బతిమాలింది.

"టీ ఆపినా అది ఆగదు బిడ్డా."

"పోనీ, పోర్టు తెరిచిపెట్టే పోయి రారాదె?"

బుచ్చయ్య ముఖం పాలిపోయింది. "ముప్పై రెండేండ్ల సర్వీసు. ఒక్క మెమో లేదు. నేను దొడ్లె ఉన్నప్పుడు ఆ సందుల ఎవడన్న జొర్రితె జవాబు ఎవలు చెప్పాలె? నువ్వు చెప్తవా?"

ఆఫియా కాగితమూ రిజిస్టరూ రెండూ పట్టుకుని శ్రావణ్‌కుమార్ గారి గదికి వెళ్లింది. వెనుకే మక్సూద్ వచ్చాడు. రిజిస్టరు అతని చెయ్యి దాటి వెళ్లకూడదు. ఆమె కారణాన్నీ కార్యాన్నీ వరుసగా చెప్పి, సర్క్యులర్ రద్దు చేస్తే చాలునన్నది.

"రద్దు చేస్తే అది తప్పని ఒప్పుకున్నట్టు" అన్నారు శ్రావణ్‌కుమార్ గారు, పిల్లలకు లెక్క చెప్పినంత ఓపికగా. "తప్పయితే ఎవరిదో తేలాలి. తేలాలంటే విచారణ జరగాలి. ఇక్కడ విచారణాధికారిని నేనే. నన్ను నేను పిలిపించుకుని సంజాయిషీ అడగమంటావా?"

"మరి తొండుపల్లోల్ల గతేంది సార్? ఆమె గోడ కూలేటట్టున్నది."

ఆయన కళ్లు మూసుకున్నారు. ఆలోచిస్తున్నారని తెలిసినవారు చెబుతారు.

"మన మండలిలో సీటు వదలని ఉద్యోగి ఒక్కడూ లేడా?" అని చివరకు వాపోయారు.

"ఉన్నరు సార్" అన్నాడు మక్సూద్. "ఖాళీ పోస్టులు."

స్పెషల్ ఆఫీసర్ గారి కళ్లు తెరుచుకున్నాయి. మహత్తరమైన ఆలోచన పుట్టినప్పుడు అలాగే జరుగుతుంది.

"నేనూ అదే అనబోతున్నాను" అన్నారు శ్రావణ్‌కుమార్ గారు.

మండలిలో డిప్యూటీ డైరెక్టర్ పోస్టు పదకొండేళ్లుగా ఖాళీ. కుర్చీ ఉంది, బల్ల ఉంది, బల్లమీద గంట కూడా ఉంది. ఆ కుర్చీకి షుగర్ లేదు, టీ అలవాటు లేదు, సెలవు కావాలని ఎన్నడూ అడగలేదు. సాయంత్రానికి ఉత్తర్వులు వెలువడ్డాయి. పన్నెండు పోర్టుల బాధ్యతనూ జీతం తీసుకుంటున్న పన్నెండుగురు ఉద్యోగుల నుంచి తప్పించి, పన్నెండు ఖాళీ పోస్టులకు అప్పగించారు; తొండుపల్లి పోర్టు డిప్యూటీ డైరెక్టర్ కుర్చీ వంతుకు వచ్చింది. బాధ్యత స్వీకరించినట్టు సంతకం ఎవరు చేయాలన్న ప్రశ్న వచ్చింది. ఆ గడిలో 'పోస్టు ఖాళీ' అన్న రబ్బరు ముద్ర వేశారు. బుచ్చయ్య గారు ఏడాది తర్వాత నిశ్చింతగా లేచి వెళ్లారు.

నాలుగో మంగళవారం. ముందురోజు కురిసిన వానకు రేణుకమ్మ గోడ బయటివైపు పెచ్చు ఊడి, గంపెడు మట్టి వాకిట్లో పడింది. ఆమె చీర అంచు ఇంకా తడిగానే ఉంది. మాట ఇచ్చిన పాపానికి ఆఫియా స్వయంగా తొండుపల్లి పంచాయతీ ఆఫీసుకు వచ్చి, పక్కన తన ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది.

పదకొండుకు తెరమీద మంత్రిగారు ప్రత్యక్షమయ్యారు. పక్క గడిలో శ్రావణ్‌కుమార్ గారు, చుట్టూ మరో ఆరుగురు అధికారులు.

"చెప్పమ్మా, చెప్పు. నీ బిడ్డ లెక్క అనుకొని చెప్పు" అన్నారు మంత్రిగారు, చేయి ఎత్తి.

ఆమె ఈసారి మొదటినుంచీ చెప్పింది. రోడ్డు ఎత్తయింది, ఇల్లు పల్లమైంది, కల్వర్టు మూసిండ్రు. పదకొండు నాలుగు అయింది. ఆగి, ఆఫియా వైపు తిరిగింది.

"ఇంక తెగలేదేంది?"

"తెగదమ్మా. చెప్పు."

"అలవాటు దప్పింది బిడ్డా, ఇంత పొడుగు మాట్లాడుడు."

పదకొండు ఆరు. మంత్రిగారి చిరునవ్వు అలాగే ఉంది కాని, కళ్లు మాత్రం తెరలో ఏదో మూలను వెతుకుతున్నాయి. సాధారణంగా ఈ వేళకు ఆయన తర్వాతి ఊరికి వెళ్లిపోతారు.

"గోడ నిన్న పెచ్చూడింది సారూ. ఇంకో వాన తట్టుకోదు. కల్వర్టు మంచిగనే ఉన్నది, నోటికి అడ్డం ఉన్నదొక్కటి తీస్తె సాలు. అదేందంటే, మీ పేరు చెక్కిన బండ. రోడ్డు మొదలువెట్టిననాడు మీరు టెంకాయ గొట్టిన బండ. సక్కగ కల్వర్టు నోట్లెనే గద్దె గట్టి నిలవెట్టిండ్రు. ఊరోల్లం తీస్తమంటె కేసువెడ్తమన్నరు. మీరు తీయమంటె తీస్తరు. ఎన్నడు తీపిస్తరో తారీకు చెప్పుండ్రి."

శ్రావణ్‌కుమార్ గారు ఏదో కాగితం కిందపడినట్టు బల్ల కిందికి వంగారు. మంత్రిగారు గొంతు సవరించుకున్నారు.

"హలో... హలో... అమ్మా, నీ మాట తెగుతున్నది..."

"నాకైతె మంచిగనే వినవడ్తున్నది సారూ."

"హలో..."

అంతటితో మంత్రిగారు ఆగిపోయారు. నోరు సగం తెరిచి, చేయి సగం ఎత్తి, రెప్ప వేయకుండా.

ఆఫియా ల్యాప్‌టాప్ చూసుకుంది. పోతున్న గొంతు నూటికి నూరు, వస్తున్న బొమ్మ నూటికి నూరు. ఎక్కడా చుక్క నష్టం లేదు. వెంటనే మక్సూద్‌కు ఫోన్ చేసింది.

"చాచా, పోర్టు మూసిండ్రా?"

"కసమ్ సే బేటీ, ఖుల్లా ఉంది. ఆ కుర్చీ కదిలితే గద మూసేది?"

మళ్లీ తెర చూసింది. మంత్రిగారి వెనుక గోడమీద క్యాలెండర్ కాగితం ఫ్యాను గాలికి లేచి పడుతోంది. బల్ల కిందినుంచి పైకి వచ్చిన శ్రావణ్‌కుమార్ గారు తెరమీద మంత్రిగారిని ఒక్కసారి చూసి, వచ్చినవారు వచ్చినట్టే బిగుసుకుపోయారు. మంత్రిగారు ఆగినప్పుడు కిందివారు కదలడం మర్యాద కాదు. ఒకరి తర్వాత ఒకరుగా ఆరుగురు అధికారులూ ఆగిపోయారు.

"ఆగిండా బిడ్డా?" అంది రేణుకమ్మ.

"మిషన్ల ఏం లేదమ్మా."

"మరేందట?"

ఆఫియా లాగ్ తెరిచింది. అందులో 'లోపానికి కారణం' అనే గడి ఖాళీగా ఉంది. వేళ్లు కీబోర్డు మీద పెట్టి, మళ్లీ తీసేసింది. బయట వాన మొదలైంది, రేకుల మీద ముందు విడివిడిగా, తర్వాత ఎడతెగకుండా.

ఎక్కడినుంచో ఒక ఈగ వచ్చి మంత్రిగారి నుదుటిమీద వాలింది. కాసేపు బొట్టు చుట్టూ తిరిగింది. కనుబొమల మధ్యనుంచి దిగి, ముక్కు దూలం మీదుగా నడుచుకుంటూ, ముక్కు కొనకు వచ్చి నిలబడి చేతులు రుద్దుకుంది. మంత్రిగారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

రేణుకమ్మ కుర్చీని తెర దగ్గరికి జరుపుకుంది.

"ముందుగాల ఆ ఈగను కొట్టుకోండ్రి సారూ" అంది. "నేనేమనుకోను. తారీకు దాని తర్వాతనే చెప్పుండ్రి."