అట్ట టీచరమ్మ

"ఆటిజం ఉన్న ఏ బిడ్డా టీచర్ లేకుండా ఒక్క పూట కూడా ఉండకూడదు!" అని విద్యామంత్రిగారు బల్ల గుద్ది కొత్త పథకం ప్రకటించారు. ఆయన మాటంటే మాటే. మర్నాడే పని మొదలైంది. మొట్టమొదట, గువ్వ చదివే బడిలో ఉన్న ఒక్కగానొక్క ప్రత్యేక టీచర్‌నీ విద్యాశాఖ ఆఫీసుకు పట్టుకెళ్లారు.

ఊరికే కాదులెండి. ఏయే బడుల్లో ప్రత్యేక టీచర్లు లేరో లెక్క తేల్చాలి. ఆ లెక్క ఇంకెవరికి తెలుస్తుంది?

గువ్వ వాళ్ల అమ్మమ్మకు ఈ సంగతి బడి మెట్ల దగ్గర తెలిసింది. గువ్వకు ఎనిమిదేళ్లు. మాటలు తక్కువ. రోజూ టీచరమ్మ గుమ్మంలో నిలబడి బొమ్మల కార్డులు చేతికిస్తుంది: పాఠం, మంచినీళ్లు, ఉయ్యాల, ఇల్లు. ఒక్కో పని కాగానే ఆ కార్డును గుమ్మం పక్కనున్న ఎర్ర డబ్బాలో వేయాలి. డబ్బాలో పడిందంటే ఆ పని అయిపోయినట్టే, ఇక దాని ఊసెత్తకూడదు. ఇది అలవాటు కావడానికి ఏడాది పట్టింది. ఆ రోజు గుమ్మంలో టీచరమ్మ లేదు. గువ్వ మెట్టు మీద కూర్చుని బడి విడిచేదాకా లేవలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

మూడు వారాలు చూసి అమ్మమ్మ ఆఫీసుకెళ్లింది.

"లెక్క ఎప్పటికి తేలుతుంది నాయనా?"

"ఎప్పుడో తేలిందమ్మా," అన్నాడు అధికారి. "ఇప్పుడు అవగాహన వారోత్సవాలు. మీ టీచరే ఇన్‌చార్జి. అంత ఓపిక ఇంకెవరికుంది?"

"ఆ ఓపిక మా పిల్ల కోసం కదయ్యా!"

"మీరు ఒక్క పిల్ల గురించే ఆలోచిస్తున్నారు. మేం పిల్లలందరి గురించీ ఆలోచిస్తున్నాం."

"ఆ అందరిలో మా పిల్ల లేదా?"

అధికారి ఈ ప్రశ్నను డైరీలో రాసుకున్నాడు. మంచి ప్రశ్నలంటే ఆయనకు ప్రాణం.

వారోత్సవాలు నెలన్నర జరిగాయి. తర్వాత నివేదిక. ఆ తర్వాత, బడిని విడిచి ఒక్క పూటైనా ఉండలేని ఉత్తమ టీచర్‌గా ఆవిడకు సన్మానం. బహుమానంగా ఆఫీసులోనే శాశ్వత పోస్టు. ఆవిడ అమ్మమ్మకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది.

"నన్ను వెనక్కి పంపమని మూడు అర్జీలు పెట్టానండీ. మూడింటికీ జవాబు రాయమని నాకే ఇచ్చారు."

ఇంతలో మంత్రిగారు బడి చూడటానికి వస్తున్నారన్నారు. టీచర్ లేదన్న మాట ఆయన చెవిన పడకూడదు. ఆఫీసువాళ్లు రాత్రికి రాత్రే నిలువెత్తు టీచరమ్మ కటౌట్ చేయించి గుమ్మంలో నిలబెట్టారు. అచ్చు గుద్దినట్టు అదే నవ్వు, అదే కళ్లజోడు.

పొద్దున్నే గువ్వ చూసింది. ఇన్నాళ్లకు మెట్టు మీంచి లేచింది. పరుగున వెళ్లి, కార్డుల కోసం చేయి చాచింది. చాచిన చేయి చాచినట్టే ఉండిపోయింది.

మంత్రిగారు రాగానే అమ్మమ్మ ఎదురెళ్లింది. "బాబూ, ఈ అట్టబొమ్మ మాకొద్దు. మనిషిని పంపండి."

"మనిషైతే సెలవులు పెడుతుందమ్మా," అన్నారు మంత్రిగారు ఎంతో దయగా. చాచిన చేయి చూసి ముచ్చటపడి, తన ఫొటో ఉన్న పథకం కార్డును అందులో పెట్టారు.

గువ్వ ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. నింపాదిగా వెళ్లి ఎర్ర డబ్బాలో వేసింది.

"ఏంటి దీనర్థం?" అన్నారు మంత్రిగారు.

అమ్మమ్మ నోరు విప్పేలోగా, వారోత్సవాల్లో అవగాహన పొందిన అధికారి అందుకున్నాడు. "డబ్బాలో వేస్తే పని పూర్తయినట్టు సార్! పథకం పూర్తయిందని లబ్ధిదారే స్వయంగా చెబుతోంది!"

చప్పట్లు మోగిపోయాయి.

మర్నాడు పథకం విజయవంతంగా ముగిసిందని పేపర్లో వచ్చింది. అమ్మమ్మ గువ్వను తీసుకుని బడికి వచ్చేసరికి ఇద్దరు మనుషులు కటౌట్‌ను వ్యానెక్కిస్తున్నారు.

"దాన్ని కూడానా!" అంది అమ్మమ్మ.

"పక్క బడిలో టీచర్ లేదటమ్మా. డిప్యుటేషన్ వేశారు."

గువ్వ మెట్టు మీద కూర్చుంది. ఈసారి అమ్మమ్మ కూడా పక్కనే కూర్చుంది.