వయసు పెంచాలె!

పింఛనుకు ఇంకో నెలే మిగిలిందని భువనగిరి తహసీలు కచేరీ చప్రాసి మైసయ్య ఆ పొద్దున ఎగిరి గంతేసినంత పని చేశాడు. నాలుగు మేకలు కాచుకుంటూ, బారెడు పొద్దెక్కేదాకా పడుకోవాలని ఆయన ఆశ.

కచేరీలో అడుగుపెట్టగానే ఆ సంబరం కాస్తా నీరుగారిపోయింది.

"మైసయ్యా, నౌకర్ల పించిని వయసు పెంచాల్నా వద్దా అని జనాన్ని అడగమన్నది సర్కారు. జర కొందరిని పిలిపియ్యి" అన్నాడు తహసీల్దారు.

వయసు పెంచితే మేకలూ, నిద్రా గోవిందా! మైసయ్య వద్దనేవాళ్లనే పోగుచేయాలనుకుని, సద్ది తెచ్చిన భార్య నర్సింగమ్మను గుమ్మంలోనే ఆపాడు.

"సర్కారు వయసు పెంచుతదట! మనోళ్లందరిని జల్ది తోలుకరా!"

వచ్చి ఏం చెప్పాలో చెప్పేలోగా లోపల గంట మోగింది. మైసయ్య పరుగెత్తాడు.

నర్సింగమ్మ ఆ మాటను ఉన్నదున్నట్టే వాడలో చెప్పింది. బజారు దాటేసరికి అది ఆయుష్షు పెంచే దవా అయింది. అంగడి చేరేసరికి, ఆ దవా ఎవరెంత పెద్ద గిన్నె తెస్తే అంత పోస్తారని తేలింది.

మధ్యాహ్నానికి కచేరీ ముందు ఇసుకేస్తే రాలనంత జనం. జంగమ్మవ్వ ఏకంగా కుండే ఎత్తుకొచ్చింది. "మా అత్తకు మాత్రం పొయ్యకుండ్రి దొరా!" అని పుల్లమ్మ ముందుగానే మొరపెట్టుకుంది.

తహసీల్దారు అరుగు మీదికి వచ్చి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "ఏమంటరు? వయసు పెంచాల్నా?"

"పెంచాలె! పెంచాలె!" కచేరీ పెంకులు అదిరిపోయాయి.

మైసయ్య అడ్డంపడ్డాడు. "ఓ నాయినా, మీకు గాదు! నా అసుంటి నౌకర్లకు!"

"నీకేనా? మేం మనుషులం గామా?" కుండ పైకెత్తింది జంగమ్మవ్వ.

గొర్లకాపరి కురుమయ్య జాగ్రత్త గల మనిషి. "గట్లనే కానియ్యుండ్రి దొరా! ముందు మైసయ్యకే పెంచుండ్రి. ఆయనకేం గాకుంటే మేం గూడ తీస్కుంటం!"

"అవునవును! మైసయ్యకే ముందు!" జనమంతా ఒక్క గొంతుతో అరిచారు.

తహసీల్దారుకు కళ్లు చెమర్చాయి. మైసయ్య భుజం తట్టాడు. "అరె, నీ మీద జనానికి గింత ప్రేమా! నిన్నెట్ల పోనిస్త? పించిని ఆపి, ఇంకో మూడేండ్లు ఉంచుకుంటనని ఇయ్యాల్నే రాస్త."

జనాన్ని తోసుకుంటూ నర్సింగమ్మ ముందుకొచ్చింది. ఆమె మొహం వెలిగిపోతోంది. "చూసినవా! అందరి కంటె ముందు నీకే పెంచిండ్రు!"

దవా చుక్కయినా తాగకుండానే మైసయ్యకు ఆ పూట పదేండ్ల వయసు మీదపడింది.