పిడుగు పడిన గంట

శనివారం ఉదయం, చంకలో చంటివాడితో పులిహోర గిన్నెకు మూత పెడుతున్న స్పందన, తల్లి మీనాక్షమ్మ సంచిలోకి చేరిన చింతపండు డబ్బాను గమనించి ఉంటే ఆనాడు ఏ గొడవా జరిగేది కాదు. ఆమె గమనించలేదు. ఆమె ఆలోచనంతా భర్త కిరణ్‌కుమార్ గురించే. ఆ రోజు హెరాన్ కోవ్ యాట్ క్లబ్‌లో, అంటే పడవ పందేలవారి సంఘంలో, అతని సభ్యత్వంపై ఓటింగ్.

అమెరికాలో వాళ్ళు ఉండే ప్లేనో ఊరికి అరగంట దూరంలో, సరస్సు ఒడ్డున ఉన్న ఆ క్లబ్‌లో జీతగాళ్ళంటూ ఎవరూ లేరు. యాభై ఏళ్ళ క్రితం ఆరు కుటుంబాలవారు సొంత చేతులతో కట్టుకున్న చోటు అది. నేటికీ గడ్డి కోయడం మొదలు బాత్‌రూమ్‌లు కడగడం వరకు అన్నీ సభ్యులే చేసుకోవాలి. ఏడాదిపాటు ఆ పనులు నోరెత్తకుండా చేసినవారికే ఓటింగ్ దాకా వెళ్ళే అర్హత. ఇంట్లో తాగిన కాఫీ కప్పు తియ్యని కిరణ్‌కుమార్, పడవ మీది మోజుతో అక్కడ ఏడాదిగా బాత్‌రూమ్‌లు కడుగుతున్నాడు.

"అత్తయ్యగారూ, ఇవాళ క్లబ్ ఫిఫ్టీయత్ యానివర్సరీ. మీరు హాయిగా నీడలో కూర్చోండి. దేన్నీ టచ్ చెయ్యకండి, ప్లీజ్," అన్నాడతను కార్‌లో.

"అక్కడ అందరూ పని చెయ్యాలన్నావు కదా బాబూ?"

"మెంబర్స్ చెయ్యాలండీ. గెస్టులు కాదు."

"తినేటప్పుడు గెస్టులు కూడా తింటారుగా," అన్నది మీనాక్షమ్మ. జీవితమంతా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పిన ఆవిడ దృష్టిలో, పని చేయకుండా తినడం అన్యాయం.

క్లబ్‌కు చేరగానే అందరూ పడవలు కడగడానికి ఒడ్డుకు పోయారు. వరండాలో మీనాక్షమ్మ, ఒక పెద్ద ఇత్తడి గంట మిగిలారు. గంటంతా శుభ్రంగానే ఉన్నది కానీ, ఒక పక్క మాత్రం అరచేతి వెడల్పున నల్లటి మచ్చ. కిందటి వారం అల్లుడితో వచ్చినప్పుడే అది ఆవిడ కంట పడింది. ఎవరో బద్ధకస్తులు వదిలేసి ఉంటారని అప్పుడే నిశ్చయించుకున్నది. ఆవిడ చింతపండు డబ్బా తీసి, కొంగు బిగించింది.

కిరణ్‌కుమార్ తిరిగి వచ్చేసరికి గంట బంగారంలా ధగధగలాడుతున్నది. అతని చేతిలోని చీపురు జారి కింద పడింది.

"అత్తయ్యగారూ... ఆ బ్లాక్ మార్క్ ఏదండీ?"

"పోయింది. మహా మొండిది. రెండుసార్లు రుద్దాల్సి వచ్చింది."

"అయ్యో! అది పిడుగు పడిన మార్క్ అండీ! క్లబ్ పెట్టిన కొత్తలో పడింది. ప్రతి రేస్‌కి ముందు అందరూ దాన్ని ముట్టుకుని, ఛాతీ మీద చెయ్యి వేసుకుంటారు. మీరు క్లబ్ హిస్టరీ మొత్తం తోమేశారు!"

"అరవకండి," అన్నది వెనకే వచ్చిన స్పందన. "అమ్మా, వీడికి దిష్టిచుక్క పెట్టే కాటుక ఉందా?"

"ఉంది. కానీ ఇది మోసం."

"మోసం కాదమ్మా, మేకప్. ఇంకో గంటలో రేస్."

తల్లి చేతిలోంచి కాటుక బరిణె లాక్కుని స్పందన మచ్చను మళ్ళీ దిద్దింది. చూడడానికి పాతదానిలాగే కుదిరింది. ఆముదం కలిపి ఇంట్లో పట్టిన కాటుక ఎన్నటికీ ఆరదన్న సంగతి మాత్రం ఆ హడావిడిలో ఆమెకు తట్టలేదు.

పందెం వేళ అయింది. తెల్లని చొక్కాలు తొడుక్కున్న సభ్యులు వరసగా వచ్చి గంటను ముట్టుకుని, భక్తితో గుండె మీద చెయ్యి వేసుకున్నారు. కమడోర్ అని పిలిచే అధ్యక్షుడు హాంక్, అదే చేత్తో మూతి మీది చెమట కూడా తుడుచుకున్నాడు. చూస్తూ ఉండగానే ఆయనకు మీసం మొలిచింది. ఒకరి చొక్కా ఒకరు చూసుకున్నారు. అందరి ఎడమ జేబుల మీదా నల్లని వేళ్ళు!

ముందురోజు క్లబ్‌లో వేసవి శిక్షణకు వచ్చిన జూనియర్ క్యాంపు పిల్లలు పడవకు రంగు వేసిన సంగతి హాంక్‌కు గుర్తుకు వచ్చింది. "ఇది ఆ పిల్లల పనే! మన చరిత్రతో పరాచికాలా? ఈ వేసవిలో వాళ్ళు ఇక పడవ ఎక్కడానికి వీల్లేదు," అని ఆయన ప్రకటించాడు. పిల్లలు బిక్కచచ్చి నిలబడ్డారు.

మీనాక్షమ్మ కుర్చీలోంచి లేచింది. స్పందన ఆవిడ కొంగు పట్టుకున్నది.

"అమ్మా, ప్లీజ్! ఓటింగ్ అయ్యేదాకా ఆగు. ఏడాది కష్టమమ్మా ఆయనది."

"చెయ్యని తప్పుకు పసివాళ్ళు తల వంచుకుని నిలబడితే, నేను పులిహోర తింటూ కూర్చోవాలా? కొంగు వదులు."

ఆవిడ నడిచి వెళ్ళి హాంక్ ఎదుట నిలబడి, కాన్వెంట్ ఇంగ్లీషులో, తరగతికి పాఠం చెబుతున్నట్లే చెప్పింది: మచ్చ తోమినది తాను, కాటుక పూసినది తన కుమార్తె, పిల్లలకు క్షమాపణ చెప్పవలసినది అధ్యక్షులవారు.

కిరణ్‌కుమార్ కళ్ళు మూసుకున్నాడు. ఏడాదిపాటు కడిగిన బాత్‌రూమ్‌లన్నీ అతని కళ్ళ ముందు తిరిగాయి.

అప్పుడు డోరతీ లేచింది. క్లబ్ కట్టినవారిలో మిగిలిన ఒకే ఒక్క మనిషి. ఆనాడు పిడుగు కథ చెప్పవలసినదీ ఆమే. ఊతకర్ర సాయంతో గంట దగ్గరకు వచ్చి, నలుపును వేలితో తీసి వాసన చూసింది.

"ఇది బూట్ పాలిష్ కన్నా నయమే," అన్నది. "పిడుగు మచ్చ మొదటి చలికాలమే వానకు పోయింది, హాంక్. అప్పటి నుంచి దొంగచాటుగా నేనే పూస్తున్నాను. ఈమధ్య చెయ్యి వణుకుతోంది. నా తరవాత ఈ పని ఎవరు చేస్తారా అని బెంగ పెట్టుకున్నాను. అమ్మయ్య, ఇక ఎవరూ చెయ్యక్కర్లేదు!"

హాంక్ నోరు తెరిచాడు. మీసం కింద ఆ నోరు మరీ పెద్దదిగా కనిపించింది. ముందుగా ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. ఆ తరవాత నవ్వనివారు లేరు. హాంక్ పిల్లల వద్దకు వెళ్ళి, మీనాక్షమ్మకు తృప్తి కలిగేంత స్పష్టంగా క్షమాపణ చెప్పి, అక్కడికక్కడే ఓటింగ్ పెట్టాడు. చేతులన్నీ లేచాయి, నల్లటి వేళ్ళతో సహా. కిరణ్‌కుమార్ అందరి ముందూ అత్తగారి పాదాలకు దండం పెట్టి, పిడుగు పడ్డాక బతికి బయటపడ్డవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు.

మరుసటి నెల క్లబ్‌లో కొత్తగా చేరిన లోకేష్‌ను హాంక్ గంట దగ్గరకు తీసుకువెళ్ళి, భక్తితో గుండె మీద చెయ్యి వేసుకుని చరిత్ర చెప్పాడు: "చాలా ఏళ్ళ క్రితం దీని మీద పిడుగు పడింది. అప్పటి నుంచీ ఇలా మెరుస్తూనే ఉంది."

ఆ పిడుగు చింతపండు డబ్బా పట్టుకుని తన వెనకే నిలబడి ఉన్నదని ఆయన గమనించలేదు.