పురుగు కనిపించిందా?

విజయ చేటలో బియ్యం పోసుకుని పురుగు ఏరుతోంది. మోకాలి పక్కన ఫోను మోగింది. తెనాలి నుంచి గిరీష్ మెసేజ్: "ఆదివారంలోగా ఇరవై మంది లోపాలు చెప్పకపోతే ప్రచారం పని ఇంకెవరికైనా ఇచ్చేద్దామండి."

గిరీష్, ఇంకో తొమ్మిదిమంది కలిసి ఫోన్ల కోసం తయారుచేసి ఉచితంగా పంచుతున్న తెలుగు కీబోర్డు గురించే ఆ ప్రచారం. దాని పేరు ‘ఒత్తు’. దాన్ని ఎవరైనా విప్పి చూడవచ్చు, బాగుచేయవచ్చు, లోపం కనబడితే అందులోంచే రాసి పంపవచ్చు. ఆ సంగతి జనానికి చెప్పే పని విజయది. డిగ్రీ అయ్యాక ఆమెను నమ్మి ఎవరైనా అప్పగించిన మొదటి పని అదే.

లోపాన్ని వాళ్ళు ‘బగ్’ అంటారు. తెలుగులో ఏమనాలా అని ఆమె ఆలోచిస్తుండగా వంటింట్లోంచి తల్లి రత్తమ్మ కేకేసింది.

"పురుగు కనిపిస్తే చెప్పవే, ఎండలో పోద్దాం!"

విజయకు మాట దొరికింది.

"పురుగు కనిపించిందా? ‘ఒత్తు’లో రాసి పంపండి. కలిసి వదిలిద్దాం." అని పోస్టరు రాసింది, కింద తన నంబరు. కీబోర్డు అన్న మాట మాత్రం చోటు చాలక చిన్న అక్షరాల్లోకి పోయింది. గురువారానికల్లా ఆ పోస్టరు తెనాలి, బాపట్ల, రేపల్లె బస్టాండ్లలో అంటింది.

శుక్రవారం పొద్దున్నే కర్లపాలెం నుంచి ఒకాయన ఫోను. విజయ స్పీకరు పెట్టింది.

"అమ్మాయ్, పురుగు కనిపించిందమ్మా."

"చాలా సంతోషమండి! వెర్షన్ ఎంతండి?"

"అంటే రకమా? యాభై రెండు సున్నా నాలుగు."

అంత పెద్ద వెర్షన్ ఎప్పుడొచ్చిందా అనుకుంటూనే విజయ రాసుకుంది. "ఎక్కడ కనిపించిందండి?"

"మొదళ్ళల్లో. నీళ్ళు తీసేసినా పోటంలా."

"ఫోన్లో నీళ్ళు పడ్డాయా అండి?"

"ఫోన్లో ఏంటమ్మా, చేలో!"

తండ్రి పున్నారావు పేపరు దించాడు. "అది బాపట్ల సన్నాల నంబరే పిచ్చిదానా. వాళ్ళ వరికి రసం పీల్చే దోమ పట్టింది. ఇటియ్యి."

ఆ తరువాత ఫోను ఆయన చెవి దిగలేదు. "నా చేలో భూతద్దం పెట్టి వెతికినా పురుగు దొరకదండి. గట్టు చూసుకోనోడు రైతేంటండి?" అని అందరికీ ముందు చివాట్లు పెట్టి, "పోస్టరు మీదున్నట్టే ‘ఒత్తు’లో రాసి పంపండి, చూసి మందు చెబుతా," అనేవాడు.

శనివారం సాయంత్రం గిరీష్ ఫోన్ చేశాడు.

"విజయగారూ, అందరూ దోమల గురించి రాస్తున్నారేంటండీ?"

విజయ నసిగింది. "అదీ... పురుగంటే..."

"నీళ్ళు అని కొడితే ‘నీళు’ పడింది. మొదళ్ళు అని కొడితే ‘మొదళు’. మన ‘ఒత్తు’లో ‘ళ’ కింద ఒత్తే పడటం లేదండి! మనమేమో ఆరు నెలల్నుంచీ ‘నమస్కారం’ అనే కొట్టి చూస్తున్నాం. దోమల గురించైనా ఆ లోపం బయటపెట్టాయి కాబట్టి ఎవరు పంపినా లెక్కేనండి. పందొమ్మిదయ్యాయి. ఇంకొక్కటి రావాలి."

ఆదివారం కాఫీల వేళకు ఆ ఒక్కటీ వచ్చింది. పంపింది పక్క చేను వెంకట్రామయ్య. విజయ ఉన్నదున్నట్టు పైకి చదివింది.

"దోమ మా చేలో పుట్టలా. పున్నారావు వరి మొదళలో పుట్టి గట్టు దాటతంది."

రత్తమ్మ గ్లాసు కింద పెట్టింది. "ఒత్తు పోయిందిగా. లెక్కలోకి వస్తదా?"

"వస్తదమ్మా."

పున్నారావు స్ప్రేయరు భుజానికి తగిలించుకుని గుమ్మం దాటాడు.