ఎత్తు ఎవరిది?

ఆదివారం పొద్దున తిరుపతి కొర్లగుంట చదరంగం క్లబ్బులో అడుగుపెట్టిన స్టెల్లాకు, నాలుగేళ్లుగా సగంలో ఆగి ఉన్న తన ఆటను ఒక్క ఎత్తులో తానే గెలవబోతున్నట్టు గోడమీది తెరపై కనబడింది.

తెల్లపావులు ఆమెవే గానీ, ఇప్పుడు వేయాల్సిన ఎత్తు ఆమెది కాదు. నల్లపావులతో ఎదురు ఆడిన మునిశేఖర్‌ది. ఆ సంగతి ఆమెకు నిన్న జరిగినట్టు గుర్తుంది.

ఆ క్లబ్బులో ఒక కట్టుబాటు ఉంది. సగంలో ఆగిన ఆటను రిజిస్టరులో ఒక్క వరుసగా రాసిపెడతారు. ఏ గడిలో ఏ పావు ఉందో ముందు, ఎత్తు ఎవరిదో ఆ పక్కన. అది తేలేదాకా ఆ ఇద్దరూ కలిసి కొత్త ఆట మొదలుపెట్టకూడదు. సూళ్లూరుపేట ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయిన స్టెల్లాకు తిరుపతిలో మిగిలింది ఆ ఒక్క వరుసే. సెలవు దొరికినప్పుడల్లా వచ్చేది. మునిశేఖర్ పావులు పేర్చేవాడు, టీ తెప్పించేవాడు, గంటసేపు బల్లవైపు చూసి, "ఇంకొంచెం ఆలోచించాల" అనేవాడు. ఆమె బస్సెక్కేది. దారి పొడవునా అతని వేళ్లే గుర్తొచ్చేవి, పావును తాకీ తాకకుండా.

ఇవాళ క్లబ్బు పెద్ద జయచంద్ర మాస్టారు రిజిస్టరంతా కంప్యూటర్లోకి ఎక్కించి, సాయంత్రానికి సగం ఆటలన్నీ తేల్చేయాలని పూనుకున్నారు. ప్రోగ్రాం రాసింది మునిశేఖరే.

"ఏమప్పా, నీ మిషను స్టెల్లమ్మను గెలిపిస్తా ఉండాదే?" అన్నారు మాస్టారు.

"ముప్పై ఆటలకు ఎత్తు ఎవరిదో రాసిలేదు సార్. ఖాళీగా ఉంటే తెల్లపావులదే అనుకోమని పెట్టినా," అన్నాడు మునిశేఖర్, ఆమెవైపు చూడకుండా.

తెల్లపావులవాళ్లు చప్పట్లు కొట్టారు. నల్లపావులవాళ్లు ఫోన్లు తీశారు. ఒక ఆటలో నల్లపావులు ఆడిన చిత్తూరు కోర్టు వకీలు అమర్‌నాథ్ రెండు గంటల్లో బస్సు దిగాడు.

"నా ఎత్తు ఆయప్పకిచ్చేస్తారా? నాకు సాక్షి ఉండాడు!"

"ఎవరప్పా?" అన్నారు మాస్టారు.

"నేనే!"

మునిశేఖర్ ప్రోగ్రాంలో తెలుపును నలుపుగా మార్చాడు. అరుపులు హాలులో ఈ మూలనుంచి ఆ మూలకు మారాయి, అంతే. తెరమీద మాత్రం స్టెల్లా ఆట కింద అక్షరాలు మారాయి: నల్లపావులు ఒక్క ఎత్తులో గెలుపు. అంటే ఇన్నాళ్లూ గెలుపు అతని చేతిలోనే ఉంది.

"ఆడినోళ్లనే అడిగితే పోలా!" అన్నారు మాస్టారు.

ఇరవైతొమ్మిది ఆటల్లో ఇద్దరూ నాదంటే నాదన్నారు. ముప్పయ్యో ఆటలో స్టెల్లా "ఆయనది" అంది. మునిశేఖర్ "ఆమెది" అన్నాడు.

"ఎత్తు నాది కాదు అనేవాళ్లను ఇప్పుడే మొదటిసారి సూస్తా ఉండా," అన్నాడు అమర్‌నాథ్.

మాస్టారికి ఓపిక చచ్చింది. "ఖాళీ ఉండే వరసలన్నీ కొట్టేస్తా. పీడా పోతాది!" పెన్ను మూత తీశారు.

కొట్టేస్తే ఇక ఆట లేదు. తిరుపతి బస్సూ లేదు. స్టెల్లా గబగబా వెళ్లి రిజిస్టరు మీద అరచెయ్యి పెట్టింది. అప్పుడు కనబడింది. మిగతావన్నీ మాస్టారి చేతిరాత, మరిచిపోయి వదిలేసిన ఖాళీలు. ఈ ఒక్కటి మునిశేఖర్ రాత. అందులో పావులూ గడులూ అన్నీ పొందికగా ఉన్నాయి. ఎత్తు రాయవలసిన చోట కాగితం పలచబడి, బ్లేడుతో గీకిన మచ్చ.

"ఇది మరిచిపోయింది కాదు సార్," అంది మెల్లగా. "ఎవరో చెరిపినారు."

హాలంతా మునిశేఖర్ వైపు తిరిగింది. అతను కంప్యూటరు మూసేశాడు.

"గీకింది నేనే సార్. ఎత్తు నాదే. గెలుస్తానని ఆ పొద్దే తెలుసు. వేసేస్తే ఆట అయిపోతాది, ఇంక స్టెల్లా ఈడికి రావాల్సిన పనేముంటాది? ఖాళీ ఉంటే ఆ ఆటను ముట్టుకోవద్దనే ప్రోగ్రాంలో ముందు రాసినా. ఖాళీలు వదలొద్దు, ఏదో ఒకటి నింపమనింది మీరే కదా సార్."