పేరు దగ్గర పడిపోయిన టూల్

మా ఆఫీసు మా ఆవిడ పేరును లోపంగా గుర్తించి, సరిచేసింది. ఇందులో వాదనకు చోటు లేదు.

వివరాలు కావలసినవారికి: మా దగ్గర తయారైన ప్రతి ప్రోగ్రామూ బయటికి వెళ్ళేముందు ఒక టూల్ ముందు పరీక్షకు నిలబడాలి. ఆ టూల్‌కు బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్లటి తెర మీద కమాండ్ కొడితే ముందు తనను రాసిన మనిషి పేరు చూపించి, తర్వాత తప్పులు ఏకరువు పెడుతుంది. రాసింది మా ఆవిడ. (ఇంట్లోనూ ఆమెది అదే పద్ధతి.) తన పేరు తెలుగు అక్షరాల్లో పెట్టుకుంది. ఆమె పోయాక నేను రోజూ పొద్దున్నే వచ్చి ఆ కమాండ్ కొట్టేవాణ్ణి, పరీక్షించడానికి ఏమీ లేకపోయినా.

తర్వాత పై అంతస్తుకు వేరే రకం కంప్యూటర్లు వచ్చాయి. (పాతవి బాగా పనిచేస్తున్నాయన్న ఫిర్యాదు ఉండేది.) కొత్తవాటిలో టూల్ ఆమె పేరు దగ్గరే తడబడి, నాలుగు ప్రశ్నార్థకాలు కక్కి, ఒక్క పరీక్షా చేయకుండా పడిపోయేది. అక్షరాలను ఏ పద్ధతిలో పంపాలో టూల్‌కు ముందే చెబితే చాలు. ఒక్క లైను పని. రాసి ఇచ్చాను.

వెంటనే, ఏ టూల్ ఏ కంప్యూటర్లో నడవాలో తేల్చడానికి అనుకూలతా సంఘం ఏర్పడింది. దాని అధ్యక్షుణ్ణి మేమంతా చూద్దాంగారు అంటాం.

"మీ లైను బానే ఉంది బాబాయ్. కానీ టూల్‌లో ఏం మార్చాలన్నా రాసినవాళ్ళు ఒప్పుకోవాలి కదా."

"ఆవిడ పోయింది."

"అయ్యో, తెలీకపోవడమేంటి, పూలు పంపించాం. సిస్టమ్‌లో మాత్రం ఇంకా ఉన్నారు. అడిగి చూద్దాం."

అడిగారు. జవాబు రాలేదు. గుర్తుచేశారు. మర్యాదగా మందలించారు. చివరికి, భర్తను కాబట్టి, ఆమె స్పందించేలా చూడమని నాకు సందేశం పంపారు. (ఆస్పత్రిలో నేనూ అదే ప్రయత్నం చేశాను. సంఘం వేయాలని అప్పుడు తోచలేదు.)

పై అంతస్తు అమ్మాయి మంచి మనసుతోనే సలహా ఇచ్చింది. "ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టేస్తే పోలా బాబాయ్‌గారూ? పలికేది అదే కదా."

"తను అలా రాసుకోలేదమ్మా."

"అబ్బ, పేరే కదా! మీకెందుకంత పట్టుదల?"

నేను ఊరి బడిలో చదివినవాణ్ణి. అక్కడ అక్షరం పలకలేకపోతే పిల్లవాణ్ణి నిలబెట్టేవారు. అక్షరాన్ని బయటికి పంపేవారు కాదు.

సంఘం పేరు తీసేసింది. మార్పుకు ఒప్పుకోలు కావాలి గానీ, తొలగింపు మార్పు కాదట, శుభ్రత. పేరు పోయాక టూల్‌ను ఎవరూ రాయనట్టే కాబట్టి, ఎవరినీ అడగకుండా నా లైను కూడా ఆ పూటే చేర్చుకున్నారు. ఇప్పుడు ఆ టూల్ ఏ కంప్యూటర్లోనైనా, ఏ భాష అక్షరాలనైనా పొల్లుపోకుండా చూపించగలదు. (చూపించడానికి ఏమీ లేదు.)

"ఇక పేరు తిరిగి పెట్టొచ్చుగా," అన్నాను.

"ఎందుకు పెట్టం బాబాయ్! ఆవిణ్ణి ఓ దరఖాస్తు పెట్టుకోమనండి. చూద్దాం."

మొదటి లైను ఖాళీగా ఉంటే బాగుండదని అక్కడ చూద్దాంగారి పేరు పెట్టారు. ఆ పేరు దగ్గర టూల్ ఏ కంప్యూటర్లోనూ ఆగదు.

మా ఆవిడ పేరు ఇక్కడా రాయలేదు. మీరు ఏ కంప్యూటర్లో చదువుతారో నాకు తెలియదు. ఈ సంగతి ఇంకెవరితోనూ, ఇంకెప్పుడూ మాట్లాడను.