పచ్చడి జాడీలో గొంతు

ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సు తుపాకులున్నవాళ్లు తుపాకులనీ, పాస్టర్లు గొంతులనీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించడం మామూలే. ఈసారి కూడా పాస్టర్ తీతు ఇంట్లోంచి ఖాళీ పచ్చడి జాడీ పట్టుకెళ్లాడు. హెడ్ కానిస్టేబుల్ ముందు గట్టిగా దగ్గి, గొంతు అందులో వేసి, జాడీ మూతికి గుడ్డ కట్టి ఇచ్చాడు. ఆయనకు ఇందులో బాధేమీ లేదు. దైవసేవకుడికి రాజకీయాలెందుకని ప్రతి ఆదివారం చెప్పే మనిషే కదా!

ఆ వారంలోనే ఆయన సంఘంలోని సలోమి మొగుడు మత్తయి రొయ్యల చెరువు దగ్గర కరెంటు షాక్ కొట్టి పోయాడు. ఆ చెరువు ఎమ్మెల్యేగా పోటీచేస్తున్న పెద్దమనిషిది. పేటవాళ్ల సమాధుల తోటను కలిపేసుకుని మరీ తవ్వించాడు. శవాన్ని మోసుకెళ్తే కంచె దగ్గర కాపలావాళ్లు ఆపేశారు.

"అయ్యగారండీ, ఇది మా తాతల్ని పెట్టిన చోటని ఒక్క మాట చెప్పండి. మీరు చెబితే ఇంటారండి," అంది సలోమి.

తీతు నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. పాపం, సిగ్గుతో చచ్చినంత పనైంది ఆయనకు.

శవాన్ని గట్టుమీద దింపించి, సలోమి ఆయన్ని స్టేషన్‌కి లాక్కెళ్లింది. ఎస్సై మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు.

"ఉత్త ప్రార్థనకైతే గొంతు ఓ పూటకి ఇచ్చేవాణ్ణమ్మా. భూమి మాటెత్తావు చూడు, అది రాజకీయం. అయినా జాడీ ఇక్కడ లేదు. సభలో దీవెన చెప్పించాలని అభ్యర్థిగారు పట్టుకెళ్లారు."

"మరి అది రాజకీయం కాదాండీ?"

"దీవెన రాజకీయం ఎలాగవుతుందమ్మా?" ఎస్సై నిజంగానే ఆశ్చర్యపోయాడు.

బయట మైకులో తీతు గొంతు మోగుతోంది. అభ్యర్థిని దేవుడే పంపాడంటోంది. ఎంత చక్కటి గొంతు! ఎండలో నిలబడ్డవాళ్లు కూడా ఆమెన్ అంటున్నారు. అది వింటూనే మత్తయిని కాలవగట్టున, ప్రార్థన లేకుండా పూడ్చారు.

ఆ పెద్దమనిషే గెలిచాడు. జాడీ తిరిగొచ్చింది. తెల్లారేసరికి సలోమి పాస్టరుగారి గుమ్మంలో కూర్చుంది.

"గొంతొచ్చేసిందిగా అయ్యగారండీ. ఇప్పుడు చెప్పండి. మా ఆయన్ని తెచ్చి మావోళ్ల పక్కన పెట్టుకుంటాను."

తీతు గుడ్డ విప్పి జాడీలోకి చూశాడు. గొంతు చెక్కుచెదరలేదు, మింగేస్తే చాలు. అంతలో పంచాయతీ ఎన్నికలు దగ్గరకొచ్చాయని గుర్తొచ్చింది. ఎలాగూ మళ్లీ అప్పగించాల్సిందే. గుడ్డ బిగించి కట్టి జాడీని అటకెక్కించాడు. సలోమి లేచి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ఆయన పెదాలు మాత్రం కదిపాడు. సంఘం సరైన చోటల్లా ఆమెన్ అంది.